ఏకోపాధ్యాయ పాఠశాలలో నలుగురు

బోడిగుట్టపల్లె ప్రాథమిక పాఠశాలలో అయిదు తరగతులు, పంతొమ్మిది మంది పిల్లలు, ఒక గది, ఒక వసారా, ఒక సారు. ఈ లెక్కలో లోపమేదైనా ఉందని పదకొండేళ్ళుగా ఎవరికీ తోచలేదు. ఆ ఒక్క సారు పేరు కంబగిరిస్వామి. ఒకటో తరగతి చేత అక్షరాలు దిద్దిస్తూ, మూడో తరగతి చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటూ, అయిదో తరగతికి లెక్క ఇచ్చి, మధ్యలో రెండో తరగతిలో పుట్టిన బలపాల తగాదా తీర్చేవాడు. ఇంత పనీ ఒక్క గొంతుతోనే చేసేవాడు. అది గొప్ప సంగతని ఆయన అనుకోలేదు, గవర్నమెంటు అసలే అనుకోలేదు.

ఈ ఏడు అయిదో తరగతిలో ముగ్గురే ఉన్నారు. ముగ్గురూ మార్చి పదో తేదీన గురుకుల ప్రవేశ పరీక్ష రాయాలి. లెక్కల్లో అన్నీ అయిపోయాయి, భిన్నాలు మిగిలాయి. ఇద్దరు పిల్లలకు సీటు వస్తే మేలు, రాకపోతే మండలంలో హైస్కూలు ఉంది. సుగుణ సంగతి అలా కాదు. వాళ్ళమ్మ ముందే చెప్పేసింది. సీటొస్తే పిల్ల హాస్టలుకు, రాకపోతే తనతో పాటు గుంటూరు వైపు మిరపకాయల కోతకు. సుగుణకు పందొమ్మిదో ఎక్కం వరకు నోటికి వచ్చు. సగంలో సగం ఎంతమ్మా అంటే మాత్రం "చిన్న సగం సార్" అంటుంది. ఈ చిన్న సగాన్ని పావు చేయడానికి పది రోజులు చాలునని కంబగిరి లెక్క వేసుకున్నాడు. అప్పటికి చేతిలో రెండు నెలల పైన ఉంది గనక గుండె మీద చెయ్యి వేసుకుని హాయిగా ఉన్నాడు.

అలాంటి రోజుల్లో 'కలివిడి' వచ్చింది.

"ఉపాధ్యాయుడు ఒంటరిగా ఆలోచించుట వలననే విద్యాప్రమాణములు కుంటుపడుచున్నట్లు ప్రభుత్వ దృష్టికి వచ్చినది" అని మొదలైంది ఉత్తర్వు. "కావున ఇకమీదట ఏ పాఠమైననూ కనీసం నలుగురు ఉపాధ్యాయుల జట్టు 'కలివిడి' యాప్‌లో చర్చించి, ఏకాభిప్రాయమునకు వచ్చి, పచ్చదీపము పొందిన పిమ్మటనే బోధింపవలెను. పచ్చదీపము లేని బోధన అనధికార బోధనగా పరిగణింపబడును." పాఠాన్ని తయారు చేసేవాడు రూపకర్త. దాన్ని చూసేవాడు పరిశీలకుడు. అందులో తప్పులు పట్టేవాడు విమర్శకుడు. చివరికి అందరినీ ఒప్పించేవాడు సమన్వయకర్త. పాఠం చెప్పేవాడు ఎవరో ఉత్తర్వులో రాయలేదు. ఆ మాటకొస్తే పిల్లల ప్రస్తావన కూడా ఒకే ఒక్కచోట, 'తదితరులు' అన్న మాటలో వచ్చింది.

కంబగిరి మండల విద్యాధికారి చిదానందమూర్తి గారి దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, మా బడిలో నేనొక్కణ్ణే ఉండాను."

చిదానందమూర్తి గారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "'ఒక్కణ్ణే' అన్న పదప్రయోగాన్ని శాఖ నిరుత్సాహపరుస్తోంది కంబగిరి గారూ. 'జట్టు నిర్మాణ దశలో ఉన్న పాఠశాల' అనాలి."

"ఆ నిర్మాణం ఎప్పటికైతాది సార్?"

"శుక్రవారం సాయంత్రం అయిదు గంటల లోపల. మండలంలో నూటికి నూరు శాతం జట్లు ఏర్పడినట్టు సోమవారమే పంపించేశాను."

"పోనీ, పక్కూరి సార్లను కలుపుకుంటా."

"తొందరపడకండి. అంతర్ పాఠశాల సహకారం రెండో దశలో వస్తుంది. మొదటి దశ పూర్తి కాకుండా పక్కవాడికి సహకరించడం నిబంధనలకు విరుద్ధం."

"మరి నలుగుర్ని నేను యాణ్నించి తేవల్ల సార్?"

చిదానందమూర్తి గారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తండ్రిలాగా చెప్పారు. "యాప్‌లో 'సహోద్యోగిని చేర్చు' అని ఒక మీట ఉంది. మీట పెట్టారంటే నొక్కవచ్చనే కదా ప్రభుత్వ ఉద్దేశం? నేను నొక్కమన్నానని మాత్రం ఎక్కడా అనకండి."

కంబగిరి నొక్కాడు. తన పేరునే మూడు ముక్కలుగా తుంచి కంబయ్య, గిరి, స్వామి అని ముగ్గురిని కన్నాడు. ఒక్కొక్కరికి ఒక్కో ఫోను ఉండాలంది యాప్. తనది ఒకటి ఉంది. బడిలో మధ్యాహ్నం వంట చేసే ఉసేనమ్మ దగ్గర ఒకటి, ఆమె మొగుడి దగ్గర ఒకటి, ఆమె కొడుకు అద్దం పగలగొట్టి అటక మీద పారేసింది ఒకటి, మొత్తం నాలుగు జమయ్యాయి. తర్వాత ఫొటోలు కావాలంది. కంబయ్యకు మఫ్లరు చుట్టాడు. గిరికి ఉసేనమ్మ మొగుడి నల్లకళ్ళద్దాలు పెట్టాడు. స్వామికి తలపాగా కట్టి, కనుబొమలు ముడిపించాడు. "ఈ నలుగురూ ఒకే కుటుంబమువారా?" అని యాప్ అడిగింది. "కాదు" అని నొక్కాడు. "ధన్యవాదములు. మీ జట్టులో చక్కని వైవిధ్యము కలదు" అంది యాప్.

ఇక పని మొదలైంది. బోడిగుట్టపల్లెలో సిగ్నలు గుట్ట నెత్తిన తప్ప ఇంకెక్కడా దొరకదు. ఎక్కడానికి ఇరవై నిమిషాలు, దిగడానికి పావుగంట. రోజూ పదిగంటలకు పిల్లల్ని ఉసేనమ్మకు అప్పజెప్పి, నాలుగు జేబుల్లో నాలుగు ఫోన్లు వేసుకుని, కంబగిరి జట్టుగా గుట్ట ఎక్కేవాడు. మొదటి రోజు మూడో తరగతికి 'నీటి పొదుపు' పాఠం. రూపకర్తగా ఒక ఫోనులో రాసి, దాన్ని బండ మీద పెట్టి, రెండో ఫోను తీసి పరిశీలించి, మూడో ఫోనులో విమర్శించి, నాలుగో ఫోనులో అందరినీ మెచ్చుకుని, మళ్ళీ మొదటి ఫోనులో అందరికీ కృతజ్ఞతలు చెప్పేసరికి ఒంటిగంట దాటింది. పచ్చదీపం వెలిగింది. ఆనందంతో గుట్ట దిగి వచ్చేసరికి పిల్లలు అన్నాలు తిని, చేతులు కడుక్కోవడానికి తొట్టెలో నీళ్ళన్నీ ఒలకబోసి ఉన్నారు.

అలా నెల నడిచింది. పాఠం ఆమోదం పొందేసరికి పొద్దు సగం గడిచేది. మిగతా సగంలో కంబగిరి గొంతు చించుకుని అయిదు తరగతులకూ చెప్పుకొచ్చేవాడు. గుడ్డి కన్నా మెల్ల మేలని సరిపెట్టుకున్నాడు. జనవరి ఆఖరు వారానికి భిన్నాల వంతు వచ్చింది. "రేపటి నుంచి చెప్తానమ్మా" అని సుగుణకు మాట కూడా ఇచ్చాడు.

మర్నాడు గుట్ట ఎక్కి ఫోను తెరిస్తే నెలవారీ నివేదిక కనిపించింది. "మీ జట్టు వేగము: అద్భుతము. సామరస్యము: అద్భుతము. అభిప్రాయభేదము: శూన్యము. అభిప్రాయభేదము లేని చోట ఆలోచన లేదు. తదుపరి పాఠమునకు కనీసము పదకొండు అభ్యంతరములు నమోదు కావలెను. లేనియెడల పచ్చదీపము వెలగదు."

కంబగిరి బండ మీద కూర్చుని, స్వామి తలపాగాను తలుచుకుని, తనతో తను కయ్యానికి దిగాడు.

"చిక్కీని నాలుగు సమాన భాగాలు చేసి పావు అంటే ఏమిటో చూపిస్తాను" అని రూపకర్త కంబగిరి రాశాడు.

"చిక్కీ విరిస్తే ముక్కలు సమానంగా రావు" అన్నాడు విమర్శకుడు స్వామి.

"కత్తితో కోస్తాను."

"ప్రాథమిక పాఠశాలలో కత్తా?"

"కత్తి విషయంలో స్వామి గారితో ఏకీభవిస్తూనే, చిక్కీ విషయంలో ఇద్దరితోనూ విభేదిస్తున్నాను. జొన్నరొట్టె గుండ్రంగా ఉండును" అన్నాడు పరిశీలకుడు గిరి.

"రొట్టె అంచున పలచగాను, నడుమ మందంగాను ఉండును. పావు రొట్టె పొందిన విద్యార్థికి న్యాయం జరిగినదని ఎవరు ధ్రువీకరింతురు?" అని స్వామి అందుకున్నాడు.

"మీ ముగ్గురి మాటల్లోనూ సత్యం ఉంది" అన్నాడు సమన్వయకర్త కంబయ్య. ఆయన ఎప్పుడూ అంతే, గోడ మీద పిల్లి.

ఏడో అభ్యంతరం దగ్గరికి వచ్చేసరికి కంబగిరికి ఒక సంగతి అర్థమైంది. స్వామికి తన కంటే తెలివి ఎక్కువ. ఏం చెప్పినా ఒక కొర్రీ వేస్తాడు, వేసిన కొర్రీకి జవాబు దొరకదు. పదకొండేళ్ళుగా ముక్కలు సమానంగా వచ్చాయో రాలేదో చూసుకోకుండానే భిన్నాలు చెప్పానా అని కంబగిరికే అనుమానం పుట్టింది. అనుమానం కోపమైంది. ఫోను పట్టుకుని లేచి నిలబడి, "పాఠం చెప్పే మొగమేనా నీది? ఒక్కనాడన్నా బలపం పట్టుకున్న్యావా?" అని గుట్ట దద్దరిల్లేలా అరిచాడు.

కట్టెలకు వచ్చిన ఉసేనమ్మ అక్కడే ఆగిపోయింది. "ఎవురి మీద సారూ అంత గరమైతాండావు?"

"ఆ స్వామి గాడు ఉసేనమ్మా! పిల్లోళ్ళ పరీచ్చ దగ్గర పడతాండాది, పాఠం ముందుకు పోనీయడు."

"స్వామెవురు?"

"నేనే."

ఉసేనమ్మ కట్టెల మోపు దించింది. "నువ్వే ఐతే నువ్వే సర్దుకోకూడదా సారూ?"

"పదకొండు కాకుండా సర్దుకుంటే ఒప్పుకోరు."

పదో అభ్యంతరం రాసేసరికి గాలి మళ్ళి సిగ్నలు పోయింది. మళ్ళీ వచ్చాక "చర్చ అసంపూర్ణము. మొదటి నుండి ప్రారంభింపుడు" అని కనిపించింది. మర్నాడు మళ్ళీ చిక్కీ, మళ్ళీ కత్తి, మళ్ళీ రొట్టె. తొమ్మిది దగ్గర గిరి ఫోనులో చార్జింగు అయిపోయింది. ఆ మర్నాడు పదకొండూ పూర్తయ్యాయి గానీ, "విమర్శకుడు మనస్ఫూర్తిగా సంతృప్తి చెందెనా?" అని యాప్ అడిగితే, కోపంలో ఉన్న కంబగిరి వేలు "లేదు" మీద పడింది. ఇరవై రోజులు ఇలా హరించుకుపోయాయి. రోజూ గుట్ట దిగేసరికి సుగుణ పలక పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండేది. "ఇయ్యాల పచ్చలైటు వచ్చిందా సార్?" అని అడిగేది. రాలేదని చెప్పడానికి కంబగిరికి సిగ్గేసేది. పచ్చలైటు లేకుండా చాటుగా చెబుదామా అంటే, సాయంత్రం మూడింటికి నల్లబల్ల ఫొటో తీసి, బడి విడిచాక గుట్ట ఎక్కి పంపాలి. బల్ల మీద పావు గుర్తు కనిపిస్తే అనధికార బోధన కింద, బల్ల తుడిచిన గుర్తులుంటే సాక్ష్యం మాయం చేసినందుకు మెమో వస్తుంది. మూడు మెమోలకు సస్పెన్షను. సారే లేకపోతే పిల్లల గతేమిటని భయపడి, మర్నాడు మళ్ళీ గుట్ట ఎక్కేవాడు.

ఇలా ఉండగా ఒకరోజు బడి ముందు జీపు ఆగింది. చిదానందమూర్తి గారు దిగారు. వెనక ఆటోలో ఇరవై మంది ప్రధానోపాధ్యాయులు, నాలుగు దండలు, నాలుగు శాలువలు, ఒక మైకు దిగాయి. రెండు వందల పన్నెండు అభ్యంతరాలతో బోడిగుట్టపల్లె జట్టు జిల్లాలో మొదటి స్థానంలో నిలిచిందట.

"మిత్రులారా!" అన్నారు చిదానందమూర్తి గారు మైకులో. "ఒకే ఒక్క పాఠం మీద ఇరవై రోజులుగా ఈ జట్టు మథనం చేస్తోంది. అయినా ఇంకా పాఠం చెప్పలేదు. ఎందుకు? తొందరపాటు లేదు గనక! మనం ఒక్క రోజులో చెప్పి పారేసే భిన్నాల వెనక ఇన్ని లోతులున్నాయని మనలో ఎవరికైనా తెలుసా?"

ఇరవై మందీ తెలియదని తల ఊపారు.

"మిగతా ముగ్గురు సభ్యులు ఏరీ?"

"సార్, మీరే గదా ఆ పొద్దు మీట..." అని కంబగిరి మొదలుపెట్టాడు.

"గుట్ట మీద ఉన్నారా!" అని చిదానందమూర్తి గారు మైకును దగ్గరికి లాక్కున్నారు. "చూశారా, సన్మానం నాడు కూడా చర్చలోనే ఉన్నారు!" చప్పట్లు మోగాయి. మూడు శాలువలు మూడు ఖాళీ కుర్చీలకు కప్పి, దండలు వేసి, ఫొటో తీశారు. అభినందించడానికి మాటలు చాలక ఒక ప్రధానోపాధ్యాయుడు స్వామి గారి కుర్చీకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టాడు.

జనం వెళ్ళాక కంబగిరి చేతులు జోడించాడు. "సార్, ఆ ముగ్గురూ లేరు. అంతా నేనే. ఈ జట్టును రద్దు చేయండ్రి. పరీచ్చకు నెల గూడా లేదు, నన్ను పాఠం చెప్పుకోనీండ్రి."

చిదానందమూర్తి గారి ముఖం పాలిపోయింది. "ఇప్పుడు లేరంటే ఎలాగయ్యా? మీ జట్టును గురించి రాజధానిలో ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చాను. స్వామి గారి విమర్శనాశక్తి గురించి పై అధికారులు ప్రత్యేకంగా వాకబు చేశారు. వాళ్ళు లేరంటే, ఆ ఇరవై నిమిషాలు నేను ఎవరి గురించి మాట్లాడినట్టు?"

ఈ ప్రశ్నకు జవాబు స్వామి అయితే చెప్పగలిగేవాడేమో.

వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. జిల్లాలో అత్యుత్తమ జట్టు కనుక బోడిగుట్టపల్లె జట్టును నిశితంగా విశ్లేషించారు. "సహకార సూచికయందు శ్రీ స్వామికి తొంబదియారు, శ్రీ గిరికి తొంబదియొకటి, శ్రీ కంబయ్యకు ఎనుబదియెనిమిది మార్కులు లభించినవి. శ్రీ కంబగిరిస్వామికి మాత్రము ముప్పదియొక్క మార్కులు మాత్రమే లభించినవి. వీరు మధ్యాహ్న వేళలందు తరచుగా యాప్‌లో కానరాకుండుట గమనింపబడినది. కారణము అడుగగా 'తరగతి గదిలో ఉంటిని' అని తెలిపియున్నారు. ఇది సంతృప్తికరముగా లేదు. కావున వీరిని జిల్లా కేంద్రములోని సహకార శిక్షణాలయమునకు తొంబది దినముల పాటు పంపుట జరుగుచున్నది. మిగిలిన ముగ్గురు సమర్థులు అచటనే యున్నందున పాఠశాలకు ప్రత్యామ్నాయ ఏర్పాటు అవసరము లేదు."

ఆ చివరి వాక్యం చదివి కంబగిరి వసారా మెట్టు మీద కూలబడ్డాడు. పరీక్షకు పద్దెనిమిది రోజులుంది. సోమవారానికి తను ఉండడు. పంతొమ్మిది మంది పిల్లలు, ముగ్గురు సమర్థులు మాత్రం ఉంటారు. సుగుణ వాళ్ళమ్మ వచ్చి విషయం వింది. "సరేలే సారూ, మిరపకోత మేస్త్రీకి చెప్తాలే, ఇద్దరం వస్తామని" అని కొంగుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయింది. తిట్టి పోయినా బాగుండేదనిపించింది కంబగిరికి.

ఉసేనమ్మ గరిటె పట్టుకునే వచ్చి పక్కన నిలబడింది. "పొయ్యేది పోతావు గానీ సారూ, బడి బీగాలు ఎవురికిచ్చి పోతావు? నాకియ్యాకు, నాకు బయ్యం. చార్జి రాసియ్యకుండా పోతే నీకు ముందున్న పాత సారుకు ఏమాయనో తెల్సు గదా, పింఛనే నిలిపేసిరి."

కంబగిరి తలెత్తాడు. ప్రభుత్వోద్యోగి చార్జి అప్పజెప్పకుండా ప్రాణమైనా వదలవచ్చు గానీ ఊరు వదలరాదు. చార్జి ఇస్తే సరిపోదు, అవతలివాడు పుచ్చుకోవాలి. సరుకులన్నీ సరిగా ముట్టినవని సంతకం పెట్టాలి. 'కలివిడి' వచ్చాక ఆ సంతకం కూడా జట్టు ఏకాభిప్రాయంతోనే జరగాలి.

"ఉసేనమ్మా, నీ నోట్లో చక్కెర పొయ్య!" అని ఆయన లేచాడు. నాలుగు ఫోన్లు తీసుకుని ఆ రోజు గుట్ట ఎక్కిన వేగం మేకలకు కూడా రాదు.

బడి సరుకుల జాబితా ఇరవై మూడు అంశాలతో పెట్టాడు. కుర్చీ ఒకటి, గంట ఒకటి, నల్లబల్ల ఒకటి, భూగోళం ఒకటి, ఇలాగ. చార్జి పుచ్చుకోవలసిందిగా స్వామిని కోరాడు. తరువాత స్వామి ఫోను చేతికి తీసుకుని, కనుబొమలు ముడిచాడు.

"అంశం నాలుగు. సదరు భూగోళమునందు దక్షిణ అమెరికా ఖండము కానరాదు. అది ఎవరి హయాములో ఊడిపోయినదో తేలనిదే చార్జి స్వీకరింపజాలను" అన్నాడు స్వామి.

"ఖండము ఊడిన చోట జిగురు గుర్తులున్నవి. ఎవరో అతికించుటకు ప్రయత్నించినట్లు తోచుచున్నది. దీనిపై విచారణ అవసరము" అన్నాడు గిరి.

"ఇరువురి మాటల్లోనూ సత్యమున్నది. ఉపసంఘము వేయుదము" అన్నాడు కంబయ్య. జీవితంలో మొదటిసారి కంబయ్య మీద కంబగిరికి ప్రేమ పుట్టింది.

యాప్ ఒక నిమిషం ఆలోచించి, "చార్జి బదలాయింపు: చర్చలో ఉన్నది" అంది. తర్వాత కంబగిరి సొంత ఫోను మోగింది. "మీరు ప్రస్తుతము ఏ జట్టులోనూ లేరు. శిక్షణాలయములోనూ చేరలేదు. మీరు చేయవలసిన పనులు: సున్న. నల్లబల్ల ఫొటో: అవసరము లేదు." కంబగిరి దాన్ని నాలుగుసార్లు చదివాడు. సున్నను చూసి అంత సంతోషపడిన లెక్కల సారు ఇంకొకడు ఉండడు. ఫోను జేబులో పెట్టుకుని, గుట్ట దిగుతూ కుర్రాడిలాగా ఈల వేశాడు.

తెల్లవారి పది గంటలకు ఆయన బడిలోనే ఉన్నాడు. పదకొండింటికీ ఉన్నాడు. పన్నెండింటికి కూడా ఉండేసరికి పిల్లలకే వింత అయింది. చిక్కీ విరిచాడు. ముక్కలు సమానంగా రాలేదు. "చిన్న ముక్క నాకొద్దు, వానికే పెద్దది వచ్చె, ఇది పావు కాదు సార్" అని సుగుణ కొట్లాటకు దిగింది. "అదీ సంగతి! సమానంగా లేకపోతే పావు కాదమ్మా" అని కంబగిరి ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఇరవై రోజులు గుట్ట మీద నలుగురు తేల్చలేకపోయింది చిక్కీ కోసం పడిన కొట్లాటలో నిమిషంలో తేలిపోయింది. ఆ తర్వాత ఉసేనమ్మ రొట్టె తెచ్చింది. ఒకటో తరగతి పిల్లలు కూడా చదువు వదిలేసి వచ్చి సగాలు, పావులు తిన్నారు. వారంలో హారం, లవం దాటి కూడికల దగ్గరికి వచ్చారు. కంబగిరి గొంతు పోయింది. చాలా సంతోషంగా పోయింది.

చార్జి తగాదా చల్లారకుండా చూసే పని ఉసేనమ్మ తీసుకుంది. రెండు రోజులకొకసారి మేకల వెంట గుట్ట ఎక్కి, తన ఫోనులో స్వామి పేరు కింద ఉన్న 'అభ్యంతరము' మీట ఒకసారి నొక్కి దిగేది. చదువు రాకపోయినా ఆ ఎర్రమీట ఎక్కడుందో ఆమెకు బాగా తెలుసు. "ఆ స్వామి సారు ఉద్యోగం భలే సులువుగా ఉండాది సారూ" అని ఒకరోజు అంది కూడా. స్వామికి సూచికలో మార్కులు తొంభై ఎనిమిదికి పెరిగాయి.

మార్చి తొమ్మిదో తేదీ, పరీక్షకు ముందు రోజు, బడి ముందు కొత్త జీపు ఆగింది. జిల్లా నుంచి వచ్చిన ప్రత్యేక పర్యవేక్షకుడు వరదరాజులు గారు దిగారు. ఆయన కంబగిరిని ఎప్పుడూ చూడలేదు. గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. సుద్దముక్కతో, పోయిన గొంతుతో, లుంగలు చుట్టుకుపోయిన చొక్కా చేతులతో ఒక మనిషి నల్లబల్ల ముందు ఉన్నాడు. పిల్లలు పలకల మీద లెక్క చేస్తున్నారు.

"ఇక్కడి ఉపాధ్యాయులు ఎక్కడ?"

"గుట్ట మీద సార్" అంది ఉసేనమ్మ చటుక్కున. "చర్చలో ఉండారు."

వరదరాజులు గారు ఫోను తీసి, దారిలో సిగ్నలు ఉండగా దించుకున్న నివేదిక చూసుకున్నారు. ముగ్గురూ చర్చలోనే ఉన్నారు. ఆ పొద్దున్నే స్వామి గారు ఒక అభ్యంతరం కూడా లేవనెత్తారు. ఆయన ముఖం వికసించింది. "బాగుంది. చాలా బాగుంది. మరి నువ్వెవరు?"

కంబగిరి నోరు తెరిచాడు. ఉపాధ్యాయుణ్ణి అంటే జట్టులో లేడు. శిక్షణలో ఉన్నానంటే శిక్షణాలయంలో లేడు. "నేను... ఊరికే, పిల్లోళ్ళకు రెండు లెక్కలు చెప్తాంటి సార్" అన్నాడు.

"ఎవరి అనుమతితో?"

కంబగిరి చేతిలోని సుద్దముక్కను జేబులో వేసుకున్నాడు. పిల్లలు పలకల మీంచి తలలెత్తారు. వరదరాజులు గారు కుర్చీలో కూర్చుని, తనిఖీ పుస్తకం తెప్పించుకుని, బిగ్గరగా చదువుకుంటూ రాశారు.

"పాఠశాలను ఆకస్మికముగా తనిఖీ చేయడమైనది. ఉపాధ్యాయులు ముగ్గురూ పరస్పర సహకారములో పూర్తిగా నిమగ్నులై యున్నారు. మిక్కిలి సంతృప్తికరము. అయితే, ఎవరో బయటి వ్యక్తి తరగతి గదిలో ప్రవేశించి పిల్లలకు పాఠము చెప్పుచుండగా పట్టుబడినాడు. ఇట్టివి పునరావృతము కారాదు." పుస్తకం మూసి కంబగిరి వైపు వేలు చూపించారు. "చూడబోతే మంచివాడిలా ఉన్నావు గనక పోలీసుల దాకా పోనీయడం లేదు. రేపు పరీక్ష రాసే పిల్లలకు ఇలా ఎవరుబడితే వాళ్ళు లెక్కలు చెబితే వాళ్ళ భవిష్యత్తు ఏం కావాలి? జట్టు దిగి వచ్చేదాకా వీళ్ళను ఊరికే కూర్చోబెట్టు."

"ఎప్పుడు దిగి వస్తారు సార్?" అని సుగుణ లేచి నిలబడి అడిగింది.

"ఏకాభిప్రాయం రాగానే తల్లీ" అని ఆమె తల నిమిరి, వరదరాజులు గారు జీపెక్కి వెళ్ళిపోయారు.

దుమ్ము అణిగింది. తర్వాత కంబగిరి ఉసేనమ్మను వాకిట్లో కాపలాకు నిలబెట్టాడు. తలుపు దగ్గరగా వేశాడు. పదకొండేళ్ళు అరిచి అరిచి చెప్పిన బడిలో, దొంగతనానికి వచ్చినవాడిలాగా ముందుకు వంగి, గుసగుసగా అడిగాడు.

"సగమూ, పావూ కలిపితే ఎంతమ్మా?"

సుగుణ తలుపు వైపు ఒకసారి చూసింది. పలక గుండెకు ఆనించుకుని, ఎవరికీ వినపడకుండా, "ముప్పావు సార్" అంది.